పొగడలంక ప్యాసింజర్ ఆలస్యానికి కారణం

మా ప్యాసింజర్ని తిట్టకుండా పొగడలంకలో ఎవరికీ తెల్లవారదు. నేనూ చిన్నప్పట్నించీ తిట్టినదాన్నే. కాకపోతే అందరూ తిట్టి ఊరుకుంటే, నేను దాని మీద డాక్టరేట్ చేద్దామనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

పొగడలంక అంటే నరసాపురం నుంచి భీమవరం వెళ్ళే సింగిల్ లైను మీద ఒక చిన్న స్టేషను. పొద్దున్నే నరసాపురంలో బయల్దేరిన బండి మా ఊళ్ళో ఒక్క నిమిషం ఆగి, భీమవరం జంక్షన్లో మద్రాసు ఎక్స్‌ప్రెస్‌ని అందించాలి. రోజూ లేటుగా వచ్చే బండయితే మేమూ రోజూ లేటుగా బయల్దేరేవాళ్ళం, గొడవ వదిలిపోయేది. దాని రోగం అది కాదు. వారం పది రోజులు బుద్ధిగా వస్తుంది, మనం నమ్మి ప్రయాణం పెట్టుకున్న రోజున ముంచుతుంది. ఎందుకు లేటయింది అని ఎవర్నడిగినా మా వైపు వాళ్ళు ఎంతో మర్యాదగా “ఏమోనండి, అయిందండి” అంటారు. ఆ మర్యాద వింటే నాకు ఇంకా మండేది.

తొంభై ఎనిమిది నాటి మాట ఇది. అప్పుడు నేను భీమవరంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సర్వేయింగ్ చెబుతున్నాను. వెనక బెంచీల వాళ్ళు నిద్రపోతే మొదట్లో కోపం వచ్చేది. ముందు బెంచీల వాళ్ళు కూడా మొదలెట్టాక నా మీద నాకే జాలేసింది. అలాంటి రోజుల్లో పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన కనిపించింది. మద్రాసులో ఒక పెద్ద చదువుల సంస్థలో, రైల్వే ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ మీద పరిశోధన చేయదలచిన వారికి అవకాశం ఉందట. అప్పటికే ఆ ఊరి పేరు చెన్నై అయింది గాని, మాకింకా మద్రాసే.

మా అమ్మ శ్యామలాంబకి ఆ ప్రకటన చదివి వినిపించాను. ఆవిడ వంకాయలు తరుగుతూ సాంతం విని, “బండ్లు నడిపేవాళ్ళు నడుపుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. మధ్యలో నీ పెత్తనమేంటే హేమా?” అంది.

పెత్తనమే మరి. ఉన్నది ఒక్క సీటు. వాళ్ళు పెట్టిన వయసు పరిమితి ప్రకారం నాకదే ఆఖరి ఏడు. అది కూడా పోతే రిటైరయ్యేదాకా నిద్రపోయేవాళ్ళకి సర్వేయింగ్ చెప్పుకుంటూ బతకాలి. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి అక్కడి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. ఆయన తెలుగాయనే, అనంతపురం వైపు మనిషి. నేను చదివిన పుస్తకాల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెబితే ఓపిగ్గా విన్నారు. పుస్తకాల్లో సమస్యలు మా దగ్గరా ఉన్నాయి, నువ్వు కళ్ళతో చూసిన సమస్య ఒకటి పట్టుకురా, ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతాం, అదేమీ లేకపోతే చార్జీలు దండగ చేసుకోకు, రావద్దు అని ఖచ్చితంగా చెప్పేశారు.

నేను ఫోన్ పెట్టేసి ఎగిరి గంతేసినంత పని చేశాను. కళ్ళముందు మా ప్యాసింజర్ ఉండగా సమస్య కోసం ఇంకోచోటికి పోవడం దేనికి?

పరీక్షల సెలవులు ఇవ్వగానే చేతికి వాచీ పెట్టుకుని పొగడలంక స్టేషన్‌కి వెళ్ళాను. స్టేషన్ మాస్టర్ దొరబాబు గారు ఆ మధ్యే బదిలీ మీద వచ్చారు. నేను ఫలానా వాళ్ళమ్మాయినని ఆయనకి తెలియదు. నేనూ ఆ ముక్క చెప్పలేదు. ట్రాఫిక్ రీసెర్చ్ పని మీద వచ్చానని, బండి ఎక్కడ ఎందుకు లేటవుతుందో కొన్నాళ్ళు చూస్తానని మాత్రం చెప్పాను. ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే తేరుకుని, అంతకన్నా భాగ్యం ఏముందండి అంటూ తన కుర్చీ తనే తీసుకొచ్చి ప్లాట్‌ఫారం మీద నీడలో వేశారు. కాసేపట్లో కొబ్బరిబొండం కూడా వచ్చింది. రైల్వే వాళ్ళు చెడ్డవాళ్ళని జనం ఎందుకంటారో అని నేను తెగ ఆశ్చర్యపోయాను.

ఆ రోజు బండి టైముకే వచ్చింది. నిమిషం ఆగింది, వెళ్ళిపోయింది. గార్డు జానకిరామ్ గారు తన పెట్టెలోంచి నా వైపు వంగి నమస్కారం పెట్టి మరీ పచ్చజెండా ఊపారు. సరే, మొదటిరోజు కదా అనుకున్నాను. రెండో రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. సెలవులు కరిగిపోతున్నాయి, కొబ్బరిబొండాలు లోపలికి వెళుతున్నాయి, బండి మాత్రం లేటవడం లేదు. నా జన్మలో ఆ బండి అంత బుద్ధిగా నడవడం నేను చూడలేదు. ఇన్నేళ్ళు ఊరందర్నీ ఏడిపించి, సరిగ్గా నాకు అవసరం పడ్డప్పుడు బాగుపడింది ముదనష్టపుది.

బాగుపడ్డ బండిని తీసుకెళ్ళి ప్రొఫెసర్ గారికి ఏమని చూపించను? సమస్య లేకపోతే రావద్దన్నారు కదా. నేను అన్నం ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ఊరంతా సంతోషిస్తుంటే నీకు ఏడుపెందుకే అని అమ్మ చీవాట్లు పెట్టింది.

అలాంటి ఒక మధ్యాహ్నం రత్తమ్మ మా ఇంటికి వచ్చింది. రత్తమ్మది మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున పల్లె. నాకు ఊహ తెలిసినప్పట్నించీ మా ఇంట్లో చేపలు ఆవిడ గంపలోవే. ఎప్పుడూ వాకిట్లోంచే కబుర్లు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు గంప దించి అరుగు మీద చతికిలబడి నన్నే ఎగాదిగా చూసింది.

“అమ్మాయిగారూ, టేసన్లో కుర్చీ ఏసుకుని కూకుంటున్నది మీరేనంట కదండి” అంది చివరికి. “మీరు కూకున్నకాడి నుంచి మాకు బండి అందట్లేదండి. మీకు మేవేం అపకారం చేశావండి?”

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. రాత్రి వేటకి వెళ్ళిన పడవలు గోదావరి సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి రావాలంటే పోటు రావాలి. సముద్రం పొంగి నీళ్ళెక్కితే గాని ఇసుక మేట దాటలేవు. పడవలు వచ్చాక ఒడ్డున వేలం పాట, పాట అయ్యాక ఐసు, ఆ తర్వాత గంపలన్నీ ఆటోల్లో వేసుకుని కాలవ గట్టు మీద పొగడలంక స్టేషన్‌కి పరుగు. పోటు పెందరాళే వచ్చిన రోజుల్లో వాళ్ళే బండికన్నా ముందొచ్చి కూర్చుంటారు. పోటు ఆలస్యమైన రోజుల్లో గార్డు గారు గట్టు వైపు ఓసారి చూస్తారు. దుమ్ము లేస్తుంటే జెండా ఊపరు. పాతికమంది ఆడవాళ్ళు గంపలు ఎక్కించుకునేదాకా బండి ఆగుతుంది. ఇది ఎప్పట్నించో ఉన్న పద్ధతి. గార్డులు మారినా పద్ధతి మారలేదు. నేను కుర్చీలో కూర్చున్నాకే మారింది. రెండు రోజులు వరసగా వాళ్ళు ప్లాట్‌ఫారం ఎక్కుతుండగానే బండి వెళ్ళిపోయిందట. ఎండకి మెత్తబడిన చేపల్ని భీమవరంలో ఎవరు కొంటారు? ఇసుకలో ఎండేసుకుని వచ్చినకాడికి అమ్ముకున్నారట.

ఆ రెండు రోజులూ నాకు గుర్తున్నాయి. గంపలతో పరిగెత్తుకొచ్చిన ఆడవాళ్ళని చూసి, కాస్త ముందు బయల్దేరొచ్చు కదా అని కుర్చీలోంచే విసుక్కున్నాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. మరి ఇన్నాళ్ళూ నాకు ఒక్కరైనా చెప్పలేదేంటని అడిగాను.

“ఇజీవాడ నుంచొచ్చిన పెద్దాఫీసరు గారనుకున్నావండి. మొహమ్మీద చెబితే బాగోదు కదండి” అంది రత్తమ్మ.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిన్నగా స్టేషన్‌కి వెళ్ళి దొరబాబు గారికి నేను ఆఫీసర్ని కానని, ఈ ఊరి పిల్లనేనని, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటానని వివరించాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. “అలాగేనండి. ఎవరైనా అడిగితే మీరు చెప్పమన్నట్టే చెబుతావండి” అన్నారు గొంతు తగ్గించి. నేను రహస్యంగా వచ్చిన ఇంకా పెద్ద ఆఫీసర్నని ఆయనకి ఆ క్షణాన రూఢి అయిపోయింది. ఈసారి కొబ్బరిబొండంతో పాటు కాజాలు కూడా వచ్చాయి.

మా వాళ్ళతో వాదించి లాభం లేదని కుర్చీ వదిలేశాను. కాలేజీ మళ్ళీ తెరిచారు. రోజూ పొద్దున్నే బస్సులో ముందుగా వెళ్ళి భీమవరంలో జంక్షన్ ప్లాట్‌ఫారం మీద, నన్నెవరూ ఎరగని చోట, జనంలో జనంగా నిలబడి మా ప్యాసింజర్ ఎంత లేటుగా వస్తుందో చూసుకునేదాన్ని. సముద్రం పొంగేది చంద్రుణ్ణి బట్టి కనక, సాయంత్రం ఇంటికెళ్ళి గోడ మీద తిథుల క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టేదాన్ని. రైలుకి తిథులు చూసే చదువు నీ ఒక్కదాని దగ్గరే చూశానని అమ్మ నవ్వేది. నెల తిరిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. అమ్మ కూడా నా పక్కన నిలబడి క్యాలెండర్ చూడటం మొదలుపెట్టింది. ఏకాదశి దాకా బండి టైముకే. ద్వాదశి, త్రయోదశి వచ్చాయంటే లేటు. చతుర్దశి వచ్చిందంటే పోటు మరీ పొద్దెక్కి వస్తుంది, అప్పుడు ఆడవాళ్ళు బండి ఆశ వదిలేసి మధ్యాహ్నం బస్సుల్లో పోతారు, బండి మళ్ళీ టైముకే. పోటు రోజూ ఓ ముప్పావుగంట వెనక్కి జరుగుతుంది. టైంటేబుల్ జరగదు. ఆ రెండూ ఢీకొన్న రోజునే పొగడలంకలో బండి ఆగుతోంది.

ఇంతకన్నా మంచి సమస్య ఏ పుస్తకంలో దొరుకుతుంది? సముద్రాన్ని చూసి టైంటేబుల్ వెయ్యడం ఎలా అన్నదే నా పరిశోధన. ఆ పూట నాకు ఆకలి కూడా వెయ్యలేదు. సీటు నాదేనని అమ్మతో ముందే చెప్పేశాను.

మే నెలలో ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నేను బయల్దేరాల్సిన రోజు ద్వాదశి. చూసుకోకుండా ఎలా ఉంటాను, చూసుకున్నాను. ప్యాసింజర్ లేటయితే జంక్షన్లో ఎక్స్‌ప్రెస్ పోతుంది, ఎక్స్‌ప్రెస్ పోతే మర్నాడు పొద్దున్న జరిగే ఇంటర్వ్యూ పోతుంది. కాని నేను ప్లాట్‌ఫారం మీద కనబడితే దొరబాబు గారి బండి ఒక్క క్షణం ఆగదు కదా. సూట్‌కేసుతో బస్సులో నలగడం దేనికి, ఆ ఒక్కరోజుకీ ఆఫీసర్ననిపించుకుంటే వచ్చే నష్టమేంటి అనుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, దర్జాగా సూట్‌కేసు పట్టుకుని వెళ్ళాను. అనుకున్నట్టే నమస్కారాలు, కుర్చీ. బండి టైముకి వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

నిమిషం అయిపోయింది. బండి కదల్లేదు. కిటికీ దగ్గరికి జానకిరామ్ గారు వచ్చారు, చేతిలో చుట్టిన పచ్చజెండాతో. ఆడవాళ్ళు వెనకపడిపోయిన ఆ రెండు రోజులూ ఆయనకీ గుర్తున్నట్టున్నాయి, నా వైపు కాకుండా కాలవ గట్టు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. దూరంగా గట్టు మీద దుమ్ము లేస్తోంది.

“మేడమ్ గారూ, టైమయిందండి. ఊపెయ్యమంటారాండి?” అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి ఆయనది, జెండా ఆయనది, పద్ధతి వాళ్ళది. నన్నడగడమేంటి? ఊపండి అంటే చాలు, సీటు నా ఒళ్ళో పడుతుంది. ఊపండి అనడానికే నోరు తెరిచాను. ఆ దుమ్ములో ముందు ఆటో ఒక పక్కకి ఒరిగిపోతూ వస్తోంది. గంపల మీద గంపలు, వాటి మీద కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళు ఈ బండి కోసం అలా రావడం మీద నేను డాక్టరేట్ సంపాదించాలి. వాళ్ళని వదిలేసి వెళ్ళి వాళ్ళ గురించే మద్రాసులో పాఠం చెప్పాలి. నా మొహానికి ఆ చదువొకటా అనిపించింది.

“ఆగండి” అన్నాను. “వాళ్ళందరూ ఎక్కాకే ఊపండి.”

జానకిరామ్ గారి మొహం చేటంత అయింది. నాది మాత్రం కాలేదు. గట్టు మీద ఆటోకి గేదెలు అడ్డం వచ్చాయి. ఆ తర్వాత ఆటోవాడి ఇంజన్ ఆగిపోయింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని వాడినీ, గేదెల్నీ, ద్వాదశినీ కలిపి తిట్టుకున్నాను. చివరికి వచ్చారు. గంపలన్నీ ఎక్కాయి, పెట్టె అంతా నీసు వాసన కమ్మింది. చివర్న రొప్పుతూ ఎక్కిన రత్తమ్మ, ఈరోజు ఆ కుర్చీ పిల్ల రాలేదు కాబట్టి బండాగిందని పక్కావిడతో అంటూ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాలిక కరుచుకుంది. బండి ఆపించింది నేనేనని తెలిశాక ఆవిడ దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు.

జంక్షన్లోకి మా బండి వెళ్ళేసరికి ఎక్స్‌ప్రెస్ వెనక పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది. నేను అక్కడే సూట్‌కేసు మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. రత్తమ్మ గంప కూడా దించకుండా నన్ను తిట్టి లేపి, బస్టాండుకి తీసుకెళ్ళి విజయవాడ బస్సెక్కించింది. అక్కడి నుంచి దొరికిన బండినల్లా పట్టుకుని, ఒక రాత్రంతా తలుపు దగ్గర నిలబడి మద్రాసు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది.

ఇంటర్వ్యూ గదిలో అందరూ లేచిపోతున్నారు. ప్రొఫెసర్ గారు కాగితాలు సర్దుకుంటున్నారు. ఆయన పక్కన కోటు వేసుకున్న ఒక పెద్దాయన కూర్చున్నారు. రైల్వేలో ట్రాఫిక్ చూసే పెద్ద ఆఫీసరట, నిజమైన ఆఫీసరు. నా నలిగిన చీరనీ, చెదిరిన జుట్టునీ చూసి, ఆలస్యానికి కారణమేంటని తెలుగులోనే అడిగారు.

“మా ప్యాసింజర్ లేటండి. ఎక్స్‌ప్రెస్ అందలేదు” అన్నాను.

“అదెందుకు లేటయింది?”

“నేనే ఆపించానండి. నిన్న ద్వాదశి.”

సర్దుకుంటున్న కాగితాలు ఆగిపోయాయి. ప్రొఫెసర్ గారు బోర్డు వైపు చెయ్యి చూపించారు. నేను సుద్దముక్క తీసుకుని సముద్రం గీశాను, మొగ గీశాను, గట్టు గీశాను, కింద తిథులు వేసి వాటి పైన బండి ఎంతెంత లేటో గీత గీసుకుంటూ పోయాను. నా కుర్చీ సంగతీ, కొబ్బరిబొండాల సంగతీ కూడా దాచలేదు. నేను చూస్తున్నంతకాలం బండి లేటు కాలేదని చెప్పినప్పుడు ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి గట్టిగా నవ్వారు. ఆఫీసర్ గారు నవ్వలేదు. ఇది క్రమశిక్షణకి సంబంధించిన విషయం అన్నారు. ఆ స్టేషన్ పేరూ, గార్డు పేరూ చెప్పమన్నారు. అవి చెప్పకపోతే ఈ లెక్కల్ని సరిచూసేదెలాగ, సరిచూడలేని లెక్కలకి సీటెలాగ అని కూడా అన్నారు.

నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి. కడుపులో ఏమీ లేదు. అంతదాకా వచ్చి సీటు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. అయినా నోరాగలేదు.

“చెప్పనండి. చెబితే రేపట్నించి ఆ బండి ఆగదు, అక్కడ చూడటానికి ఇక ఏమీ ఉండదు. ఆపించింది నేను. ఎవర్నైనా శిక్షించాలంటే నాకు సీటు ఇవ్వకండి, సరిపోతుంది” అన్నాను. సుద్దముక్క బల్ల మీద పెట్టి సూట్‌కేసు అందుకున్నాను.

ప్రొఫెసర్ గారు సూట్‌కేసు కింద పెట్టమన్నారు. పొద్దున్నించీ వచ్చినవాళ్ళంతా టైముకి వచ్చారమ్మా, ఒక్కరూ సమస్య తేలేదు, సీటు నీకే ఇస్తున్నాను, జూలైలో వచ్చి చేరు అన్నారు. నేను సూట్‌కేసు కింద పెట్టాను.

ఆఫీసర్ గారు మాత్రం బోర్డు దగ్గరే నిలబడి ఉన్నారు. నా గీతని వేలితో తిథుల వెంట అటూ ఇటూ జరుపుకుంటూ చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“మళ్ళీ ద్వాదశి ఎప్పుడమ్మా?” అన్నారు.

“ఆ కోటు తీసేసి, గళ్ళ లుంగీ కట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని వస్తానంటే చెబుతానండి” అన్నాను.